సున్నం గీత

నాకు కోపం ఎక్కువ. గుడివాడలో మా హైస్కూలు గేటు ముందు జామకాయలమ్మే సుబ్బాయమ్మనడిగినా చెప్తుంది. పేరు కృపాకుమారి, చెప్పేది సోషలు, సర్వీసు ఇరవై ఆరేళ్ళు. పిల్లలు నా వెనకాల పెట్టుకున్న పేరు గొడ్డుకారం. పెట్టినవాడెవడో కూడా నాకు తెలుసు. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు, అయినా బజార్లో నన్ను చూస్తే పక్క సందులోకి తప్పుకుంటాడు.

నా కోపం వల్ల నష్టపోయేది నేనొక్కదాన్నే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈ ఏడు ఈస్టరు వారంలో అది ఇంకొకరి కొంప ముంచింది. ఆ సంగతి చెప్తాను. నన్ను నేను వెనకేసుకురాకుండా చెప్తాను.

బందరు కోట దాటి ఉప్పునేలల్లోకి వెళ్తే సర్కారు తుమ్మల మధ్య ఒక దిబ్బ ఉండేది. అర ఎకరం ఉంటుంది. ఎత్తు మనిషి నడుం దాకా. చూడ్డానికి ఏమీ ఉండదు. వానలకు అరిగిన ఇటుక ముక్కలు, నాలుగు మూలలా నాలుగు నల్లరాళ్ళు, అంతే. 1759 ఏప్రిల్లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి ఈ కోట లాక్కున్నారు. ఏడో తారీఖు రాత్రి దాడి మొదలైతే తెల్లారేసరికి అయిపోయింది. ఆ గొడవలో చచ్చిన తెల్ల ఆఫీసర్ల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. సిపాయిలకు మాత్రం ఒక అంకె వేసి వదిలేస్తారు. అటువైపు సిపాయిలూ మనవాళ్ళే, ఇటువైపు సిపాయిలూ మనవాళ్ళే. ఇది చెప్పేటప్పుడు క్లాసులో నాకు ప్రతిసారీ గొంతు లేస్తుంది.

పదకొండేళ్ళ కిందట, పుస్తకంలోంచి జిరాక్సు తీసిన ప్లానొకటి చేత్తో పట్టుకుని బందరు బస్టాండులో ఒక్కదాన్నే దిగాను. ఎక్కిన ఆటో బాజిది. యుద్ధం జరిగిన చోటుకి పోనివ్వమంటే, “ఏ పార్టీలకీ ఏ పార్టీలకీ అండీ?” అన్నాడు. సంగతి చెప్పాక నవ్వేసి, “అంత పాతదైతే మా అమ్మనడగాలండీ,” అని ఇనుగుదురుపేటలో వాళ్ళింటికి తీసుకెళ్ళాడు.

వాళ్ళమ్మ లతీఫా. అప్పటికే అరవై దాటిన మనిషి. నన్ను కూచోబెట్టి, టీ ఇచ్చి, అప్పుడు అడిగింది. “కోట మీద గొడవా? అందులో మా ఆయన వాళ్ళ ముత్తాతకి ముత్తాత పోయాడంటమ్మా. ఆ దిబ్బలోనే ఉన్నాడు. మా అత్త చూపించింది నాకు. ఆవిడికి వాళ్ళత్త చూపించిందంట.”

“ఏ పక్కన చేశాడు పిన్నిగారూ? ఇంగ్లీషువాళ్ళ పక్కా, ఫ్రెంచివాళ్ళ పక్కా?”

“అదెవరికి తెలుసు తల్లీ. పోయినోళ్ళకి పక్కలేంటి?”

ఆవిడ ఏటా, పోయినవాళ్ళని తలుచుకునే షబ్బేబరాత్‌కి వెళ్ళి ఆ దిబ్బ దగ్గర ఫాతిహా చదివి వచ్చేది. ఏప్రిల్ ఎనిమిదో తారీఖు సంగతి నేను చెప్పాకే తెలిసింది. “మీ లెక్క ప్రకారం ఆ రోజు పోయారా? అయితే ఆ రోజు కూడా చదువుతా,” అంది. అప్పట్నుంచీ ఏటా ఆ తారీఖున నేను తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సులో తీసుకెళ్తాను, ఆవిడ రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీదా గిన్నెతో వస్తుంది. ఆవిడ చదివినంతసేపూ పిల్లలు చేతులు కట్టుకుని నిలబడతారు. తర్వాత మలీదా తింటారు. తర్వాత మంగినపూడి బీచి. బీచి కోసమే వాళ్ళు దిబ్బని ఓర్చుకుంటున్నారని నాకు తెలియక కాదు. అయినా సరే, ముందు దిబ్బ, తర్వాతే బీచి అని రూలు పెట్టాను.

కోట చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటీ పోవడం చూస్తూనే ఉన్నాను. ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులు నిలబెట్టిన ఇసుక మెట్టలు రొయ్యల చెరువులయ్యాయి. బురదలో పడి సిపాయిలు నడిచొచ్చిన దారి మీద ప్లాట్లు వేసి, ఏదో గార్డెన్స్ అని ఆర్చి కట్టారు. కిందటేడు దిబ్బ ఉన్న నేలంతా ఒక కంపెనీ గోడౌన్లకని తీసుకుంది. నేను అర్జీలు పెట్టాను. “సమాధులనడానికి రుజువేదండీ?” ప్రతి ఆఫీసులోనూ ఇదే మాట. తవ్వితే గానీ రుజువు రాదు, తవ్వితే దిబ్బ ఉండదు. ఒకాయన అయితే, “ఇలా ఎక్కడ యుద్ధం జరిగితే అక్కడ వదిలేసుకుంటూ పోతే మనం ఎక్కడుండాలి మేడం?” అన్నాడు. ఆయన్ని నేనన్న మాట ఇక్కడ రాయను.

లతీఫమ్మగారు మాత్రం నన్ను ఒక్కటే అడిగింది. “టీచరమ్మా, మీరు చదువుకున్నారు. ఆ దిబ్బ ఒక్కటీ ఉండేట్టు చూడండి. నేనున్నన్నాళ్ళు చాలు.”

“ఉంటుంది పిన్నిగారూ. నాదీ పూచీ,” అన్నాను. నోరుంది కదా అని అనేశాను.

ఫిబ్రవరిలో కంపెనీ సైటు ఆఫీసుకే వెళ్ళాను. ఇంజనీరు పేరు ప్రకాశరావు, తోట్లవల్లూరు వాళ్ళబ్బాయి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. రేకుల షెడ్డులో స్టాఫు అందరి ముందూ దులిపేశాను. “మీ తాత సమాధి మీద కట్టుకోండి గోడౌను!” అన్నాను.

అతను కోపం తెచ్చుకోలేదు. “మా తాతని కృష్ణ ఒడ్డున కాల్చారండీ. సమాధి లేదు,” అన్నాడు. తర్వాత ప్లాను తెరిచి కాసేపు చూశాడు. “అర ఎకరమే కదా మేడం. లారీల పార్కింగ్ ఇటు జరిపితే సరిపోవచ్చు. పైవాళ్ళతో మాట్లాడి చెప్తాను.”

ఇలా చెప్తానన్నవాళ్ళని చాలామందిని చూశాను. నమ్మలేదు.

ఈ ఏడు ఈస్టరూ, ఎనిమిదో తారీఖూ ఒకే వారంలో పడ్డాయి. పండక్కి బందరులో మా తమ్ముడు మార్కు ఇంటికి వచ్చాను. గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో ఏడు మాటల ఆరాధన, పన్నెండు నుంచి మూడింటి దాకా. బయటికొచ్చి చూస్తే ఫోన్లో ప్రకాశరావు నుంచి మూడు మిస్డ్ కాల్స్. పార్కింగ్ జరపడం కుదరలేదు, సారీ మేడం అంటాడు, అంతేగా అనుకున్నాను. ఉపవాసంతో తల తిరుగుతోంది, ఇతని సారీ కూడా వినాలా అని ఒళ్ళు మండింది. తిరిగి చెయ్యలేదు. సాయంత్రం ఇంకోసారి చేస్తే కట్ చేశాను.

మాలో ఈస్టరుకి ముందు సమాధులకి సున్నం వేస్తారు. ఆదివారం తెల్లారుజామున కొవ్వొత్తులు వెలిగించేసరికి తెల్లగా ఉండాలి. శనివారం పొద్దున్నే అమ్మకీ నాన్నకీ నేనే వేశాను. సున్నంలో కాస్త నీలిమందు కలిపి, కుంచె పట్టుకుని, ఎండెక్కేదాకా రెండు పూతలు వేశాను. బకెట్లో ఇంకా సగం మిగిలింది. పొడి సున్నం బస్తా కూడా అడుగున పది కిలోలుంది. పారెయ్యడమెందుకు, దిబ్బ మీద ఉన్నవాళ్ళకి మాత్రం ఎవరు వేస్తారు అనిపించింది. మార్కు స్కూటీ తీసుకుని, బకెట్టూ బస్తా కాళ్ళ దగ్గర పెట్టుకుని వెళ్ళాను. సైటులో మనిషి లేడు. యంత్రాలన్నీ దూరంగా ఆ చివర ఆగున్నాయి.

దిబ్బ నాలుగు మూలలా ఉన్న నల్లరాళ్ళకి ఎర్రరంగు పూసి ఉంది.

చూడగానే నా ఒంట్లో రక్తం సర్రున పైకి లేచింది. బందరులో ఎర్రరంగంటే ఏమిటో ఎవర్నయినా అడగండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఏ గోడ మీద ఎర్ర గుర్తు పడితే ఆ గోడ లేనట్టే. మా చిన్నాన్న ఇంటి అరుగు అలాగే పోయింది. ఇందుకా నిన్నంతా ఫోన్లు! చెప్పి మరీ కూలుస్తారా! ఎంత ధైర్యం! నాలో నేనే తిట్టుకుంటూ నాలుగు రాళ్ళకీ సున్నం పట్టించాను. ఎర్రదనం కొంచెం కూడా కనపడకూడదని మూడేసి పూతలు వేశాను.

అంతటితో ఆగినా బావుండేది. కిందటేడు పిల్లలు దిబ్బ మీద ఎక్కి పరుగులు పెడితే లతీఫమ్మగారు ఏమీ అనలేదు గానీ మొహం చిన్నబుచ్చుకుంది. మా స్కూల్లో ఏ ఆఫీసరొచ్చినా, చర్చిలో మహాసభలు జరిగినా, ఇక్కడ తొక్కకూడదు అనడానికి సున్నప్పొడితో గీత పోస్తాం. చిన్నప్పట్నుంచీ చూసిన పద్ధతే. బస్తా చంకన పెట్టుకుని దిబ్బ చుట్టూ వంకర పోకుండా గీత పోశాను. ఎనిమిదో తారీఖు, బుధవారం, పిల్లలు గీత బయట నిలబడతారు. పని చక్కగా కుదిరిందని ఫోటో కూడా తీసుకున్నాను.

ఆదివారం ఈస్టరు. సాయంత్రం గుడివాడ వచ్చేశాను. సోమవారం రెండో పీరియడ్లో బాజి ఫోను.

“టీచర్ గారూ... దిబ్బ లేదండీ.”

“లేకపోవడమేంట్రా?”

“నిన్న మొదలెట్టి తవ్వేశారండీ. మీరు రండి. అమ్మకి ఇంకా చెప్పలేదు.”

చాక్‌పీసు చేతిలో ఉండగానే బస్సెక్కాను. వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. దిబ్బ ఉన్నచోట గొయ్యి ఉంది. గొయ్యి అంచునే నా సున్నం గీత. ఎక్కడా జానెడు దాటలేదు, ఎక్కడా జానెడు వదల్లేదు. నేను ఎంత శ్రద్ధగా గీశానో అంత శ్రద్ధగా తవ్వారు.

ప్రకాశరావు అక్కడే ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. “దిబ్బ వదిలెయ్యడానికి పర్మిషన్ వచ్చింది మేడం. గురువారం సాయంత్రం వచ్చింది. శుక్రవారం పొద్దున్నే రాళ్ళకి ఎర్రరంగు వేయించాను, ఎర్ర రాళ్ళ లోపల ముట్టుకోవద్దని మావాళ్ళందరికీ చెప్పాను. మీకు చెప్దామని ఎన్నిసార్లు చేశానో చూసుకోండి. పనిలోకి దిగేసరికి ఎర్ర రాయి ఒక్కటీ లేదంట, చుట్టూ సున్నం గీత ఉందంట. సైటులో సున్నం గీత ఉంటే తవ్వమని అర్థం. ఎక్కడ చూసినా అంతే కదా, పునాదులకైనా, కాలవలకైనా. నేను గీయించలేదు. ఎవరు గీశారో తెలియట్లేదు.”

ఫోటో ఉన్న ఫోనుని బ్యాగులో అడుక్కి తోసేశాను.

పొక్లెయిన్ నడిపినవాడు బిపిన్ అని, ఒడిశా మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. గొంతుకూచుని ఉన్నాడు. చుట్టూ ఇనుగుదురుపేట జనం మూగారు. “తొందరగా అయిపోద్దని నువ్వే గీసుకున్నావ్ కదరా!” అని బాజి అతని కాలరు పట్టుకున్నాడు. అతను “చూనా... చూనా థా...”, సున్నం ఉందంటూ, చేత్తో బండి సీటు వైపు ఏదో చూపించబోయాడు. బాజి చెంప మీద కొట్టాడు. తర్వాత ఇంకెవరో కొట్టారు. అతను చెయ్యి దించేశాడు.

నేను అక్కడే ఉన్నాను. మూడడుగుల దూరంలో. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అంటాడు. ఆ పూట తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక్కమాట చాలు, గీసింది నేనని. ఆ మాట గొంతు దాకా వచ్చింది, లతీఫమ్మగారి మొహం గుర్తొచ్చి మింగేశాను. జనం నన్ను చూసి, “పాపం టీచర్ గారు ఎంత కష్టపడ్డారో,” అన్నారు. అది కూడా విని ఊరుకున్నాను. బస్సెక్కి ఇంటికొచ్చాను.

మంగళవారం బిపిన్‌ని పనిలోంచి తీసేశారని బాజి ఫోన్లో చెప్పాడు. “తిక్క కుదిరిందండీ,” అన్నాడు. మంచిపని అయిందని కూడా నేను అనలేదు, కాదని కూడా అనలేదు. స్కూల్లో పిల్లలు “రేపు బీచి లేదా మేడం?” అని అడిగితే, అడిగినవాడిని క్లాసు బయట నిలబెట్టాను. ఆ పిల్లవాడు చేసిన తప్పేమిటో దేవుడికే తెలియాలి.

బుధవారం, ఎనిమిదో తారీఖు, ఒక్కదాన్నే బందరు వెళ్ళాను. లతీఫమ్మగారు ఎప్పటిలాగే తలమీద ముసుగేసుకుని, మలీదా గిన్నె గుడ్డలో కట్టుకుని, ఆటోలో కూచుని ఉంది. ఏడ్చినట్టు లేదు. “దిబ్బ లేకపోతే మట్టయినా ఉంటది కదమ్మా. ఎక్కడ పోశారో అక్కడికి పోదాం,” అంది.

ఆ మట్టిని టిప్పర్లతో తీసుకెళ్ళి గోడౌన్లకి వేస్తున్న కొత్త రోడ్డు కింద పోశారు. రోలరు కూడా తొక్కేసింది. బాజి ఆటో పక్కకి ఆపాడు. ఆవిడ చెప్పులు విడిచి రోడ్డంచున నిలబడి చేతులు చాచింది. లారీ వచ్చినప్పుడల్లా బాజి ఆవిడ భుజం పట్టుకుని పక్కకి జరుపుతున్నాడు, ఆవిడ మళ్ళీ అక్కడికే వస్తోంది. దుమ్ములో పెదాలు కదులుతున్నాయి. “ఎవడు తవ్వాడో వాడి చేతులు పడిపోవాలి,” అంది చివర్లో, తెలుగులో. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఆవిడ నోట శాపం వినడం నాకదే మొదలు.

ఇక ఆగలేకపోయాను.

“పిన్నిగారూ, ఆ గీత నేను గీశాను.”

ఆవిడకి అర్థం కాలేదు. అంతా చెప్పాను. ఫోను ఎత్తకపోవడం, ఎర్రరంగు, సున్నం, సోమవారం నోరు మూసుకోవడం. ఫోన్లో ఉన్న ఫోటో కూడా చూపించాను. బాజి నా వైపు చూసి రోడ్డు మీదే కూలబడ్డాడు.

“ఎందుకు గీశావమ్మా?” అంది.

“పిల్లలు తొక్కకూడదని.”

నన్ను తిడుతుందేమో, తిడితే బావుండునని చూశాను. తిట్టలేదు. “ఒరే బాజీ, నువ్వు కొట్టినవాడు ఎక్కడుంటాడు?” అంది.

“షెడ్లలో ఉన్నాడమ్మా. సాయంత్రం రైలుకి పోతాడంట.”

“పద. ముందు అక్కడికి పదండి.”

కూలీల రేకు షెడ్లలో చివరిది. బిపిన్ సంచీ సర్దుకుని తలుపు దగ్గరే కూచున్నాడు. బాజిని చూడగానే లేచి వెనక్కి జరిగాడు. బాజి చేతులు రెండూ జోడించాడు. నాకొచ్చిన రెండు ముక్కల హిందీలో, “చూనా నేను వేశాను, నువ్వు కాదు,” అన్నాను. తప్పుల తడకే, అయినా అతనికి అర్థమైంది. కోప్పడతాడనుకున్నాను. సంచీ పక్కన పెట్టి మెల్లగా కూచున్నాడు.

లతీఫమ్మగారు అతని ఎదురుగా నేల మీదే కూచుని ఉర్దూలో ఏదో అడిగింది. అతను హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. చాలా చెప్తున్నాడు. మధ్యలో తన దవడ మీద చెయ్యి వేసి చూపించాడు.

“ఏమంటున్నాడు పిన్నిగారూ?”

ఆవిడ నా వైపు చూడకుండా తెలుగులో చెప్పింది. “మొదటి బక్కెట్లోనే ఎముకలొచ్చాయంట. మనిషి దవడ, పళ్ళతో సహా. బండి ఆపి దిగి, దొరికినన్ని ఏరి సిమెంటు సంచిలో పెట్టాడంట. ఎవరన్నా పెద్దోళ్ళొస్తే ఇద్దామని సీటు కింద దాచాడంట. సూపర్‌వైజరు గీత దాకా కానిమ్మని అరిస్తే మళ్ళీ తవ్వాడంట.”

“ఏదీ ఆ సంచీ? ఎక్కడుంది?”

ఆవిడ అడిగింది. అతను తల వంచుకుని రెండు ముక్కలు చెప్పాడు, షెడ్ల వెనక ఉప్పుటేరు వైపు చెయ్యి చూపించాడు.

“ఆ రోజు ఇద్దామనే చెయ్యి చూపించాడంట, కొట్టారంట. గీత కూడా నేనే గీశానంటున్నారు, ఇక మనిషి ఎముకలు నా దగ్గరుంటే కేసు పెడతారని భయమేసిందంట. నిన్న పొద్దుగూకేదాకా చూశాడంట, ఎవరన్నా వచ్చి నువ్వు కాదు అంటారేమోనని.” ఆవిడ గిన్నె కట్టిన గుడ్డ ముడి విప్పింది. “ఎవరూ రాలేదు. పోటు తీసేటప్పుడు ఏట్లో వేసేశాడంట.”

బాజి పరుగెత్తుకుంటూ ఏటి గట్టుకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. నీళ్ళు మడచెట్ల మొదళ్ళ దాకా నిండుగా ఉన్నాయి. నిన్నటి నుంచీ ఎన్ని పోట్లు వచ్చిపోయాయో. బాజి మోకాళ్ళ లోతు దిగి బురదలో చేతులు పెట్టి కాసేపు వెతికి, లేచి నిలబడి ఏడ్చాడు.

తిరిగొచ్చేసరికి లతీఫమ్మగారు మలీదా అంతా బిపిన్ ముందు పెట్టింది. అతను తింటున్నాడు. ఆవిడ లేచి ముసుగు సర్దుకుంది. అప్పుడు చూసింది నన్ను, నేరుగా.

“గీతది పొరపాటే, టీచరమ్మా. ఎవరికైనా అవుద్ది. సోమారం నోరిప్పాల్సింది.”

బాజిని ఆటో తియ్యమంది. వెళ్ళి కూచుంది. నన్ను ఎక్కమనలేదు.